గోడల మధ్య లోతు: డైవింగ్ కొలనుల గురించి పాఠకుల ప్రశ్నలు

దుబాయ్‌లోని 60 మీటర్ల లోతున్న, గాలి సిలిండరు కట్టుకొని దిగే డైవింగ్ కొలను గురించి రెండు సంచికల క్రితం ఒక చిన్న పరిచయం రాశాను. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో సగానికి సగం దాని గురించే ఉంటున్నాయి. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. "సముద్రమంటే భయం గానీ, ఇది కొలనే కదండీ" అన్న మాట ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. కెరటాలు, ప్రవాహాలు, మసక నీరు, చలి కొలనులో ఉండవన్నది నిజమే. నీటి బరువు మాత్రం చుట్టూ గోడలున్నా, లేకపోయినా ఒక్కటే.

ప్రశ్న: మా అక్కయ్య వాళ్ళు దుబాయ్‌లో ఉంటారు. డిసెంబరులో వారం రోజులకు వెళ్తున్నాను. నాకు ఈత అంతంత మాత్రమే. ఆ కొలనులో అడుగు వరకు దిగి చూసి రావచ్చా? ఆదివారం ఉదయం డైవ్ ముగించుకొని, అదే సాయంత్రం హైదరాబాద్ విమానం ఎక్కాలన్నది నా ఆలోచన.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అడుగు వరకు దిగడం ఈ ప్రయాణంలో కుదరదు. అదే సాయంత్రం విమానం ఎక్కడం కూడదు.

మీరు అడుగుతున్న డీప్ డైవ్ దుబాయ్ అనే కేంద్రం నాద్ అల్ షెబా ప్రాంతంలో 2021 జూలైలో ప్రారంభమైంది. గిన్నిస్ సంస్థ నమోదు చేసిన లోతు 60.02 మీటర్లు. అందులో పట్టే మంచినీరు 1 కోటి 40 లక్షల లీటర్లు. ఆ నీటిని 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. గల్ఫ్ తీరంలో తరాల తరబడి ఊపిరి బిగబట్టి ముత్యాల కోసం మునిగినవారి గుర్తుగా ఆ భవనాన్ని ముత్యపుచిప్ప ఆకారంలో కట్టారు. లోపల మునిగిపోయిన నగరాన్ని తలపించే గదులు, మోటారు సైకిలు, చదరంగం బల్ల వంటివి అమర్చారు కాబట్టి, ఫొటోలు చూసినవారికి అదొక వినోదశాలలా కనిపించడంలో వింత లేదు.

అయితే శిక్షణ లేనివారిని డైవింగ్ సంస్థలు ఎక్కడైనా ఇన్‌స్ట్రక్టర్ వెంట 12 మీటర్ల వరకే తీసుకువెళ్తాయి. ఆ పరిచయ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు, నీళ్ళంటే బెదురు లేకపోతే చాలు. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు పూర్తిచేసినవారికి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ కోర్సు తరువాత 30 మీటర్లు, లోతు డైవింగ్‌లో ప్రత్యేక శిక్షణ పొందితే 40 మీటర్లు. సరదా కోసం చేసే డైవింగ్‌కు అక్కడితో హద్దు. 30 మీటర్లు దాటుతున్నకొద్దీ గాలిలోని నైట్రోజన్ మెదడు మీద మత్తుమందులా పనిచేస్తుంది. లోతు, మిగిలిన గాలి చూపే గేజి వైపు చూస్తూనే ఉంటారు, అందులోని అంకె బుర్రకెక్కదు. 60 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీది కంటే దాదాపు 7 రెట్లు. అక్కడ మామూలు గాలిలోని ఆక్సిజన్ సైతం ప్రమాదకరమయ్యే హద్దుకు చేరుతుంది కనుక, అంత లోతుకు వెళ్ళే టెక్నికల్ డైవర్లు హీలియం కలిపిన మిశ్రమాన్ని పీలుస్తారు.

పన్నెండు మీటర్లేనా అని నిరాశపడకండి. ఉపరితలం నుంచి 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. అది మళ్ళీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లకు, ఇంకొకసారి రెట్టింపు కావాలంటే 70 మీటర్లకు వెళ్ళాలి. శరీరానికి తెలిసే అతి పెద్ద మార్పు ఆ మొదటి నాలుగు అంతస్తుల లోతులోనే జరిగిపోతుంది.

ఇక విమానం సంగతి. నీటి కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ కొంత రక్తంలోను, కండరాలలోను కరిగి ఉంటుంది. పైకి వచ్చాక గంటల తరబడి మెల్లగా ఊపిరి ద్వారా బయటికి పోతుంది. అది పోకముందే ఎత్తుకు వెళ్తే, మూత తీసిన సోడా సీసాలో లాగా బుడగలు కట్టవచ్చు. విమానం కిటికీ బయట ఎలా ఉన్నా, కేబిన్ లోపలి పీడనం 2,400 మీటర్ల కొండ మీది స్థాయి వరకు తగ్గవచ్చు. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచిస్తుంది. నేను అడిగినవారందరికీ 24 గంటలని చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళకు పన్నెండని చెబితే తొమ్మిదికే విమానాశ్రయంలో ఉంటారు. దుబాయ్‌లో ఇంకొక చిక్కు కూడా ఉంది. డైవ్ ముగించి కారులో నేరుగా రస్ అల్ ఖైమా వైపు జెబెల్ జైస్ కొండ ఎక్కేవాళ్ళుంటారు. ఆ కొండ ఎత్తు దాదాపు 1,900 మీటర్లు. బుర్జ్ ఖలీఫా 148వ అంతస్తు వేదిక 555 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ రెండింటినీ డైవ్‌కు ముందు రోజులకు జరుపుకోండి, కొలనును ప్రయాణం మధ్యలో పెట్టుకోండి.

ప్రశ్న: మాది రాయలసీమ. నడుముకు బెండ్లు కట్టుకొని మా చేను బావిలో ఈత నేర్చినవాణ్ణి. గట్టు మీది నుంచి దూకి, అడుగు మట్టి పిడికిట్లో పట్టుకొచ్చి చూపించేవాళ్ళం. ఇప్పుడు అబూధాబీలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంత ఈత వచ్చినవాడికి మళ్ళీ కోర్సు దేనికి? సిలిండర్ అద్దెకిచ్చి వదిలేయరా?
– ఒక పాఠకుడు, అబూధాబీ

జవాబు: వదిలేయరు, వదిలేయకూడదు. మీ బావి ఈత మీకు ఎంతో మేలు చేస్తుంది. నీటి అడుగున కంగారుపడకపోవడం, కళ్ళు తెరిచి చూడగలగడం, కాళ్ళు దండగగా కొట్టకపోవడం మీకు ఇప్పటికే వచ్చు. ఒక్క అలవాటు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది, అదే ఊపిరి బిగబట్టడం.

బావిలో మీరు పైన పీల్చిన గాలినే కిందికి తీసుకువెళ్తారు. అది లోతులో కుదించుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి పరిమాణానికి చేరుతుంది. అంతకు మించి పెరిగే ప్రశ్నే లేదు. సిలిండరుతో దిగినప్పుడు లెక్క మారిపోతుంది. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ అనే పరికరం మీరున్న లోతుకు సరిపడే ఒత్తిడితో గాలిని అందిస్తుంది. 10 మీటర్ల దగ్గర 5 లీటర్ల గాలి నిండుగా పీల్చి, బిగబట్టి ఉపరితలానికి వస్తే ఆ 5 లీటర్లు 10 లీటర్లు కావాలి. ఊపిరితిత్తులలో అంత చోటు లేదు. ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి పైకి వచ్చినా, నిండు ఊపిరి బిగబట్టినవారి ఊపిరితిత్తుల గోడలు చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి వెళ్ళిన సందర్భాలున్నాయి. ఈ ప్రమాదానికి 60 మీటర్ల కొలను అక్కర్లేదు, మామూలు ఈత కొలను చాలు.

నేను శిక్షణ పొందుతున్నప్పుడు మా జట్టులో కాలువలో ఈత నేర్చిన కృష్ణా జిల్లా కుర్రవాడొకడు ఉండేవాడు. మా అందరికంటే సునాయాసంగా ఈదేవాడు. మూడో రోజు నోట్లో నుంచి రెగ్యులేటర్ తీసి, వెతికి పట్టుకొని, మళ్ళీ పెట్టుకునే అభ్యాసం చేయిస్తున్నారు. రెగ్యులేటర్ తీసినంత సేపూ పెదవుల నుంచి సన్నని బుడగల దారం వదులుతూ ఉండాలన్నది నియమం. అతని పెదవులు బిగిసిపోయాయి, బుడగలు ఆగిపోయాయి, శరీరం మెల్లగా పైకి తేలడం మొదలుపెట్టింది. ఇన్‌స్ట్రక్టర్ ఒక చేత్తో అతని జాకెట్ పట్టి ఆపి, రెండో చేతి వేళ్ళతో తన పెదవుల ముందు బుడగలు పోతున్నట్టు చూపించాడు. ఆ తరువాత రెండు రోజుల పాటు గాలి అయిపోయినప్పుడు పైకి రావడమెలాగో నేర్పుతూ అతని చేత "ఆ..." అని రాగం తీయించారు. ఆ శబ్దం వస్తున్నంత సేపూ గాలి బయటికి పోతూనే ఉంటుంది. కాలువలో పదేళ్ళు నేర్చినదాన్ని మరిపించడానికి ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ మాత్రం సమయం కావాలి కదా.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం అండమాన్‌లో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను, తరువాత మళ్ళీ దిగలేదు. రుషికొండలో డైవ్ చేయాలని ఉంది గానీ ధైర్యం చాలడం లేదు. ముందుగా ఏదైనా లోతైన కొలనులో అభ్యాసం చేస్తే సముద్రానికి సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండేళ్ళ విరామం తరువాత నేరుగా పడవ ఎక్కకుండా, ముందు అభ్యాసం గురించి ఆలోచించడం మంచి పద్ధతి. అయితే దానికోసం దేశం దాటనవసరం లేదు. మాస్కులో నీళ్ళు నింపి ఖాళీ చేయడం, రెగ్యులేటర్ వెతుక్కోవడం, తోటివారి సిలిండరులోని గాలి పంచుకోవడం వంటి వాటికి మూడు నాలుగు మీటర్ల లోతున్న ఈత కొలను, పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉంటే చాలు. మాస్కు అభ్యాసం ఒక్కటే పదిసార్లు చేయండి. మాస్కు పై అంచును నుదుటికి అదిమి, తల కొద్దిగా పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదిలితే నీరు కింది అంచు నుంచి జారిపోతుంది. మొదటి రెండుసార్లు ముక్కులోకి నీళ్ళు పోయి మంట పుడుతుంది. అయిదోసారికి అది విసుగు పుట్టించే పనిగా మారుతుంది, మనకు కావలసినది ఆ విసుగే.

లోతైన కొలను ప్రత్యేకంగా నేర్పేది తేలికను అదుపు చేసుకోవడం. లోతు పెరిగేకొద్దీ ఒంటి మీది సూటు, తేలడానికి తొడుక్కునే జాకెట్‌లోని గాలి నలిగిపోయి మనిషి బరువెక్కుతాడు. పైకి వస్తుంటే అదే గాలి ఉబ్బి, వద్దన్నా పైకి లాగుతుంది. మూడు మీటర్ల కొలనులో ఈ మార్పు సరిగా అనుభవానికి రాదు. 15 మీటర్ల నుంచి మెల్లగా లేచి, తాడు పట్టుకోకుండా 5 మీటర్ల దగ్గర పైకి వచ్చే ముందు జాగ్రత్తకు ఆగే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో కదలకుండా నిలబడగలిగితే మీ అభ్యాసం ఫలించినట్టే. సముద్రంలో ఇదే పని చేస్తుంటే ప్రవాహం నెట్టిందో, తప్పు మీదో చెప్పడం కష్టం. కొలనులో నెట్టేది ఏదీ లేదు కనుక తప్పు తప్పకుండా మీదే, దిద్దుకోవడమూ తేలికే.

గాలి లెక్క కూడా ఇక్కడే రాసుకోండి. 12 లీటర్ల సిలిండరును 200 బార్ ఒత్తిడి వరకు నింపితే అందులో సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఉపరితలం మీద 120 నిమిషాలు, 10 మీటర్ల దగ్గర 60 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 30 నిమిషాలు వస్తుంది. పైకి రావడానికి ఉంచుకోవలసిన నిల్వను ఇందులో నుంచి మళ్ళీ తీసివేయాలి. కంగారులో ఉన్న మనిషి 20తో ఆగడు. మీరు నిమిషానికి ఎంత పీలుస్తున్నారో ప్రశాంతమైన కొలనులో కొలిచి పెట్టుకుంటే, సముద్రంలో ఆ అంకె పెరిగినప్పుడు గుర్తుపట్టగలుగుతారు.

మీరు మరచిపోయే అవకాశం ఉన్న విషయం ఒకటుంది. కొలనులోది మంచినీరు, రుషికొండలోది ఉప్పునీరు. ఉప్పునీరు దాదాపు రెండున్నర శాతం చిక్కన. సామగ్రితో కలిపి మీరు 80 కిలోలుంటే, మునగడానికి బెల్టుకు కట్టుకొని కొలనులో సరిపోయిన సీసపు బరువులకు సముద్రంలో సుమారు 2 కిలోలు కలపాలి. ఈ సంగతి మరచి, కొలనులో కట్టుకున్న బెల్టుతోనే సముద్రంలోకి దూకి, పది నిమిషాలు బెండులా తేలుతూ అందరి చేతా నవ్వించుకున్నవారిలో నేనూ ఒకడిని.

సముద్రానికి ఇది సరిపోతుందా అని అడిగారు. చేతుల పనికి సరిపోతుంది. పడవ అంచు నుంచి వెనక్కి ఒరిగి నీటిలో పడటం, ఊగే పడవలో వాంతిని ఆపుకోవడం, చేయి చాపితే వేళ్ళు కనిపించని మసక నీటిలో తోటి డైవరును విడవకుండా ఉండటం కొలను నేర్పదు. రుషికొండలో మొదటి రోజు 8 మీటర్లు దాటకుండా, నీరు నిలకడగా ఉన్న రోజు చూసుకొని, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి దిగండి.

ప్రశ్న: పోయినసారి పరిచయ డైవ్‌లో రెండు మీటర్లు దిగేసరికి చెవిలో పొడిచినట్టయి, డబ్బు పోతే పోయిందని పైకి వచ్చేశాను. కొలనులో అయితే ఈ నొప్పి ఉండదని స్నేహితులంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదు. నొప్పి లోతు వల్ల వస్తుంది, ఆ లోతు ఎక్కడున్నా ఒక్కటే. ఆ నొప్పికి పైకి రావడం మాత్రం మీరు చేసిన సరైన పని.

కర్ణభేరికి బయట నీరు, లోపల గాలి నిండిన చిన్న గది ఉంటాయి. ఆ గది నుంచి ముక్కు వెనుక భాగానికి ఒక సన్నని గొట్టం వెళ్తుంది. మీరు దిగుతున్నకొద్దీ నీరు కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. గొట్టం తెరిచి లోపలికి కొంత గాలి పంపితే రెండు వైపులా ఒత్తిడి సమానమై నొప్పి రాదు. దీనినే డైవర్లు ఈక్వలైజ్ చేయడం అంటారు. ముక్కు రంధ్రాలను వేళ్ళతో మూసి, నోరు మూసి, ముక్కులోకి మృదువుగా గాలిని ఒత్తితే చెవులలో "టక్" మని వినిపిస్తుంది. చాలామంది చేసే పొరపాటు నొప్పి వచ్చేదాకా ఆగడం. అప్పటికి ఆ గొట్టం మూసుకుపోయి, ఎంత ఊదినా తెరుచుకోదు. బలవంతంగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. నీటి పైన ఉండగానే ఒకసారి, తల ములగగానే ఇంకొకసారి, ఆ తరువాత ప్రతి అర మీటరుకు ఒకసారి చేయండి. తల కిందికి కాకుండా కాళ్ళు కిందికి పెట్టి దిగండి. ఒక చెవి మొరాయిస్తే అర మీటరు పైకి లేచి మళ్ళీ ప్రయత్నించండి. ఇక్కడ మాత్రం కొలను మీకు సాయపడుతుంది. ప్రవాహం తోసుకుపోదు, తోటి యాత్రికులు కింద ఎదురుచూస్తూ తొందరపెట్టరు. కొన్ని కొలనులలో అంచెలంచెలుగా వేదికలు ఉంటాయి కాబట్టి ఒక్కో మెట్టు దగ్గర ఆగి, చెవులు సర్దుకున్నాకే ముందుకు పోవచ్చు.

జలుబు ఉన్న రోజు దిగకండి. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలు వేసుకొని దిగితే, మందు ప్రభావం నీటి అడుగున తీరిపోయి, పైకి వస్తున్నప్పుడు లోపలి గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే పైకి రావచ్చు. పైకి వచ్చేటప్పుడు నొప్పి వస్తే ఎక్కడికి వెళ్తారు?

ప్రశ్న: వార్సాలో చదువుకుంటున్నాను. ఇక్కడికి దగ్గరలో ఒక లోతైన కొలను ఉందంటున్నారు. ఐరోపాలో ఇలాంటివి ఇంకేమున్నాయి? ఈ దేశాలలోనే ఎందుకు కట్టారు?
– ఒక విద్యార్థి, పోలండ్

జవాబు: మీకు దగ్గరలో ఉన్నది డీప్‌స్పాట్. వార్సాకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని మ్ష్చోనూఫ్ పట్టణంలో 2020 నవంబరులో తెరిచారు. లోతు 45 మీటర్లకు పైమాట, పట్టే నీరు 80 లక్షల లీటర్లు. లోపల కృత్రిమ గుహలు, ఒక చిన్న ఓడ శిథిలం ఉన్నాయి. దానికి ముందు ఇటలీలో పాదువా నగరం దగ్గరి మోంతెగ్రోత్తో తెర్మే పట్టణంలో 2014లో ప్రారంభమైన వై-40 పేరు మోగేది. ఆ ఊరు వేడినీటి ఊటలకు ప్రసిద్ధి. కొలనులోనూ ఆ నీటినే నింపారు. ఇంకా ముందుది బెల్జియంలో బ్రస్సెల్స్ నగరంలోని నీమో 33. దానిని 2004లో తెరిచారు, లోతు 34.5 మీటర్లు. అక్కడ 5, 10 మీటర్ల దగ్గర విశాలమైన వేదికలు ఉన్నాయి. భోజనం చేస్తూ కిటికీ అద్దంలో నుంచి డైవర్లను చూసే ఏర్పాటుతో రెస్టారెంటు కూడా ఉంది.

ఈ దేశాలలోనే ఎందుకంటే, అక్కడి డైవర్లు నేర్చుకునేది చాలావరకు నీరు నిండిన పాత రాతి గనులలో, చల్లని సరస్సులలో. శీతకాలంలో నీరు లోపలికి రాని మందపాటి డ్రై సూటు వేసుకొని, మసక నీటిలో చేతి తొడుగులతో తాళ్ళు తడుముకోవలసిన చోట, 30 డిగ్రీలు దాటిన తేటనీరు ఏడాది పొడవునా దొరకడం చిన్న విషయం కాదు. మీకు నా సలహా ఏమిటంటే, కొలనులో కోర్సు ముగించాక ఒక్కసారైనా వేసవిలో అక్కడి సరస్సులో దిగండి. వెచ్చని తేటనీటిలో వచ్చిన ధైర్యం ఎంత నిలుస్తుందో మొదటి అయిదు నిమిషాలలో తెలిసిపోతుంది. ఆస్తమా, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఉంటే ఆరోగ్య ప్రశ్నావళిలో దాచకండి. కొలనుకైనా ఆ కాగితం నింపమనే అడుగుతారు.

ప్రశ్న: నాకు దూరం చూపుకు అద్దాలున్నాయి, గుబురు మీసాలూ ఉన్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ రెండూ అడ్డమే అన్నాడు. అద్దాలు సరే, మీసాలు చేసిన పాపమేమిటి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అద్దాల కాడలు మాస్కు అంచును చర్మానికి అతుక్కోనివ్వవు కాబట్టి నీరు చేరుతుంది. మీ నెంబరుకు తగ్గ అద్దాలు బిగించిన మాస్కులు దొరుకుతాయి, పెద్ద డైవింగ్ కేంద్రాలలో అద్దెకూ ఇస్తారు. నీటిలో వస్తువులు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి కనుక, నెంబరు స్వల్పమైతే అద్దాలు లేకుండానే గడిచిపోవచ్చు. ఈత కళ్ళజోడు మాత్రం పనికిరాదు. ముక్కు అందులో లోపల ఉండదు కాబట్టి దానిలోకి గాలి వదలలేరు, లోతులో అది కళ్ళను పీల్చేస్తుంది.

మీసాల విషయంలోనూ సమస్య అదే. మాస్కు కింది అంచు ముక్కుకు, పై పెదవికి మధ్య కూర్చుంటుంది, వెంట్రుకల సందుల్లో నుంచి నీరు చుక్కచుక్కగా ఎక్కుతుంది. పూర్తిగా తీసేయనక్కర్లేదు. ముక్కు కింద సన్నని గీతంత మేర గొరిగించి, మాస్కు అంచుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలావరకు ఆగుతుంది. అయినా కొంత నీరు చేరుతూనే ఉంటుంది. నాకు ఇరవై ఏళ్ళుగా మీసాలున్నాయి. నిమిషానికోసారి మాస్కు ఖాళీ చేసుకోవడం శ్వాసలో భాగమైపోయింది.